అరబ్బీ పిల్లలకు ఆన్‌లైన్ లెక్కలు: ఒక దేశం నుంచి నాలుగు దేశాలకు (ప్రాజెక్టు డైరీ)

నేనుండేది దోహాలో, ఉద్యోగం వెబ్ ప్రోగ్రామింగ్. ఇక్కడ ఏళ్ల తరబడి లెక్కలు చెప్పి రిటైరైన ఒక ఈజిప్టు టీచరమ్మతో కలిసి హైస్కూలు పిల్లలకు వారానికో సమస్యల కాగితం, శుక్రవారం రాత్రి గంటన్నర క్లాసు నడుపుతున్నాను. బడి సిలబస్ చెప్పం. సంఖ్యల గుణాలు, లెక్కింపు, నిరూపణలు మాత్రమే. ఆవిడను ఆబ్లా అంటాను. ఈజిప్టులో పిల్లలు టీచరమ్మను పిలిచే మాట అది, అక్క అనే అర్థం కూడా ఉంది. నిరుడు 24 మంది ఉండేవారు, అందరూ ఈజిప్టు పిల్లలే. నోటు పుస్తకం ఫోటో తీసి పంపితే ఆబ్లా దిద్దేవారు. ఈ ఏడాది జోర్డాన్, మొరాకో, అల్జీరియా పిల్లల్ని కూడా చేర్చుకున్నాం. అంతమందికి దిద్దడం ఆవిడ ఒక్కరివల్ల కాదు కనుక, జవాబు టైపు చేస్తే సరో కాదో చెప్పే పేజీ ఒకటి రాశాను. పొరపాట్లన్నీ అక్కడినుంచే మొదలయ్యాయి కాబట్టి డైరీ కూడా అక్కడినుంచే.

1వ దశ: అంకెలు (1 నుంచి 3 వారాలు)

నమోదు: ఈజిప్టు 41, మొరాకో 22, జోర్డాన్ 17, అల్జీరియా 9. మొత్తం 89.

మొదటి కాగితం స్నేహ సంఖ్యల మీద. 220కి తనను తప్ప మిగతా భాజకాలన్నీ కలిపితే 284 వస్తుంది, 284 భాజకాలు కలిపితే మళ్లీ 220. అరబ్బీలో వీటిని ముతహాబ్బా అంటారు, ఒకదాన్నొకటి ప్రేమించే సంఖ్యలని. ఇలాంటి జంటలు పట్టుకోవడానికి 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో సాబిత్ ఇబ్న్ ఖుర్రా ఒక సూత్రం ఇచ్చాడు. ఉదాహరణకు 3×8−1 = 23, 3×16−1 = 47, 9×128−1 = 1151. ఈ మూడూ ప్రధాన సంఖ్యలే కాబట్టి 16×23×47 = 17296, 16×1151 = 18416 ఒక జంట. పిల్లలు అడుగడుగునా చేతితో చేసుకుంటూ ఆ రెండు సంఖ్యలకు చేరేలా ఐదు ప్రశ్నలు పెట్టాం.

71 మంది జవాబులు పంపారు. 38 మందికి ఐదుకు సున్నా వచ్చింది. అందులో 31 మంది ఈజిప్టు, 7 మంది జోర్డాన్. మొరాకో, అల్జీరియా పిల్లల్లో సున్నా ఒక్కరికీ లేదు. అది చూడగానే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. ప్రశ్నలే కష్టమయ్యాయేమోనని ఆబ్లాతో అన్నాను కూడా.

నాలుగో రోజున లాగ్ తెరిచి చూశాను. నైలు డెల్టాలో ఒక పల్లె అమ్మాయి మూడుసార్లు జవాబులు పంపింది. మూడుసార్లూ 17296, 18416 అనే రాసింది. మూడుసార్లూ నా పేజీ 'తప్పు' అంది. నాలుగోసారి ఆ అమ్మాయి రాలేదు.

కారణం ఇది. ఈజిప్టు పిల్లల కీబోర్డులో వచ్చేవి మనం వాడే 1, 2, 3 కావు, తూర్పు అరబ్బీ అంకెలు. ప్రతి భాష అక్షరానికీ, అంకెకీ కంప్యూటర్లో ఒక స్థానం ఇచ్చే యూనికోడ్‌లో వాటి స్థానాలే వేరు. నేను దిద్దే పద్ధతిని నా ల్యాప్‌టాప్‌లో పైథాన్‌తో పరీక్షించాను. పైథాన్ ఆ అంకెల్ని మామూలు అంకెలుగానే తీసుకుంటుంది. పేజీలో పనిచేసేది మాత్రం జావాస్క్రిప్ట్. అది ఆ అంకెల్ని సంఖ్యే కాదంటుంది. పరీక్ష ఒకచోట, వాడకం ఇంకోచోట జరిగింది.

ఆబ్లాకు ఫోన్ చేసి చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వచ్చిన లెక్కను రాలేదని చెప్పాం కదా, యా బింతీ" అన్నారు. యా బింతీ అంటే అమ్మాయీ అని. ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

మార్చినవి, వరుసగా:

1. జవాబు పెట్టెకు 'నంబర్' రకం తీసేసి మామూలు టెక్స్ట్ పెట్టె పెట్టాను.
2. దిద్దే ముందు తూర్పు అరబ్బీ అంకెలు పదింటినీ మామూలు అంకెలకు మార్చాను. పారసీ, ఉర్దూ కీబోర్డుల అంకెలు చూడ్డానికి దాదాపు ఇలాగే ఉన్నా యూనికోడ్‌లో వేరే వరుస. కొన్ని ఫోన్లు అవి కూడా పంపుతాయి కాబట్టి వాటినీ చేర్చాను.
3. వాట్సాప్ నుంచి అతికించిన జవాబుల్లో కంటికి కనపడని దిశ గుర్తులు వస్తున్నాయి. ముందు వాటిని ఏరేశాను.
4. మైనస్ గుర్తు అంకెకు ఏ పక్క ఉన్నా ఒప్పుకున్నాను.
5. దశాంశ బిందువు దగ్గర ఓడిపోయాను. మొరాకో పిల్లలకు ఫ్రెంచి పద్ధతిలో కామాయే దశాంశం. ఇంకొందరు వేలను విడదీయడానికి కామా పెడతారు. 1,151 అని వస్తే అది వెయ్యిన్నూట యాభై ఒకటా, ఒకటికి పైన కొంచెమా చెప్పలేం. అందుకని జవాబులన్నీ పూర్ణాంకాలే వచ్చేలా ప్రశ్నలు మార్చి, 'కామా వద్దు' అని పెట్టె పక్కనే రాశాను.

40 నమూనా జవాబులతో కొలత: మార్చకముందు 17 సరిగా చదివింది, మార్చాక 39. మిగిలిన ఒక్కటి ఆ కామా.

పాత జవాబులన్నీ మళ్లీ దిద్దితే, సున్నా వచ్చిన 38 మందిలో 26 మందికి ఐదులో మూడో అంతకన్నా ఎక్కువో వచ్చాయి. ఆబ్లా రెండు సాయంత్రాలు కూర్చుని ఆ 38 ఇళ్లకూ ఫోన్ చేశారు. క్షమాపణ మెసేజ్ పెడదామని నేనంటే ఒప్పుకోలేదు, గొంతు వినిపించాలన్నారు. డెల్టా అమ్మాయి వాళ్లమ్మతోనే ఇరవై నిమిషాలు మాట్లాడారు.

ఇదే దశలో ఇంకో దెబ్బ. నిరూపణ ప్రశ్నల్ని మాత్రం ఫోటోలో మనుషులే దిద్దాలి. అరబ్బీ ఐదు గుండ్రంగా మన సున్నాలా ఉంటుంది, వాళ్ల సున్నా ఒక చుక్క. అది తెలుసు, జాగ్రత్తగానే ఉన్నాను. తెలియనిది చేతిరాత సంగతి. ఈజిప్టులో చేత్తో రాసే మూడు, పుస్తకంలో అచ్చయ్యే రెండులా ఉంటుంది. చేత్తో రాసే రెండు ఇంకా సాదా, ఒక వంపు గీత అంతే. మాతో పనిచేసే మొరాకో వాలంటీర్లు 20 ఈజిప్టు కాగితాలు దిద్దితే 6 తప్పుగా దిద్దారు. వాళ్లదీ అరబ్బీయే, కానీ వాళ్ల బడిలో ఆ అంకెలు లేవు. ఆబ్లా చేత పది అంకెలూ మూడేసి రకాలుగా రాయించి, ఫోటో తీసి, దిద్దే వాళ్లందరికీ పంపాను.

ఇప్పటిదాకా: 14 గంటలు, 230 రియాళ్లు (సర్వరు, డొమైన్). జవాబులు పంపినవాళ్లు 71 నుంచి 52కు పడ్డారు.

2వ దశ: వాక్యం ఇటు, లెక్క అటు (4, 5 వారాలు)

ఇప్పుడు మొరాకో పిల్లల వంతు. వాళ్లు చదివేది అరబ్బీ వాక్యం, కుడి నుంచి ఎడమకు. లెక్క మాత్రం ఫ్రెంచి పద్ధతిలో లాటిన్ అక్షరాలతో ఎడమ నుంచి కుడికి. వాక్యం మధ్యలో నేను 3 < ఎక్స్ < 5 అని టైపు చేశాను. తెర మీద వాళ్లకు కనపడింది ఇది: ఎక్స్ < 5 > 3.

తప్పు కీబోర్డుది కాదు, బ్రౌజరుదీ కాదు. రెండు దిశల రాతను కలిపి చూపడానికి యూనికోడ్ పెట్టిన నియమాలు అలాగే ఉన్నాయి. అరబ్బీ అక్షరం తర్వాత వచ్చిన 3ను అరబ్బీ వాక్యంలో భాగమనుకుని కుడి పక్కన ఉంచుతుంది. లాటిన్ అక్షరం తర్వాత వచ్చిన 5ను లాటిన్ వైపు చేర్చి 'ఎక్స్ < 5'ను ఒక ముక్కగా ఎడమకు పెడుతుంది. మధ్యలో మిగిలిన గుర్తు వాక్యం దిశ పట్టుకుని తిరగబడుతుంది.

చేయాల్సింది రెండే:

1. పేజీలో ప్రతి లెక్కనూ, ఒక్క అంకె అయినా సరే, బీడీఐ ట్యాగులో (చుట్టూ ఉన్న రాత దిశ నుంచి ఒక ముక్కను వేరుచేసే హెచ్‌టీఎంఎల్ గుర్తు) పెట్టి దిశ ఎడమ నుంచి కుడికని రాయాలి. అప్పుడు చుట్టూ ఉన్న వాక్యం దాన్ని ముట్టుకోదు.
2. టెలిగ్రామ్ మెసేజ్‌లో ట్యాగులుండవు. యూనికోడ్ 2013లో చేర్చిన 'విడిగా ఉంచు' గుర్తులున్నాయి కానీ వాలంటీర్లు వాటిని గుర్తుపెట్టుకుని టైపు చేయడం కుదరదు. లెక్క ఉన్న మెసేజ్ అంటే బొమ్మగానే పంపాలని నియమం పెట్టుకున్నాం.

పాత ఐదు కాగితాల్లో 112 చోట్ల లెక్క వాక్యం మధ్యలో ఉంది. అన్నీ చేత్తో సరిచేశాను. ముందే ఈ ట్యాగుతో మొదలుపెట్టి ఉంటే ఈ తొమ్మిది గంటల పని ఉండేది కాదు. హైదరాబాద్‌లో ఉర్దూ మీడియం పిల్లలకు ఇలాంటి పేజీ చేయాలనుకునే వాళ్లెవరైనా ఉంటే, ఈ దశ వాళ్లకు ఉన్నదున్నట్టు పనికొస్తుంది.

ఇప్పటిదాకా: 23 గంటలు, 230 రియాళ్లు. పంపినవాళ్లు 58.

3వ దశ: ఒకే లెక్క, రెండు రాతలు (6 నుంచి 10 వారాలు)

అన్నిటికంటే ఎక్కువ సమయం తిన్నది ఇదే.

అప్పటిదాకా అందరికీ లాటిన్ అక్షరాల లెక్కలే ఇస్తున్నాం. ఈజిప్టులో అరబ్బీ మీడియం బడిలో చదివే పిల్లకు ఎక్స్, వై తెలియవని కాదు. కానీ ఆ పిల్ల చేతికి అలవాటైనవి సీన్, సాద్ అనే అరబ్బీ అక్షరాలు. సమీకరణం కుడి నుంచి మొదలవుతుంది. వర్గమూలం గుర్తు అద్దంలో చూసినట్టు తిరిగి ఉంటుంది. సైన్‌కు 'జా', కొసైన్‌కు 'జతా'. క్రమగుణితానికి మనలా ఆశ్చర్యార్థకం పెట్టరు, సంఖ్య కింద, పక్కన ఎల్ ఆకారంలో గీత గీస్తారు. బడి లెక్క కంటే కష్టమైన సమస్య ఇస్తూ, దాన్ని అలవాటులేని రాతలో ఇవ్వడం ఆ పిల్ల మీద రెండు బరువులు పెట్టడమే. కొత్త ఆలోచనకు పెట్టాల్సిన ధ్యాస గుర్తులు విడదీసుకోవడానికే సరిపోతుంది.

ఇదంతా ఎవరికీ తెలియనిది కాదు. వెబ్ ప్రమాణాలు తయారుచేసే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం 2006లోనే అరబ్బీ గణిత రాత మీద ఒక నోట్ వేసింది, మొరాకో, మగ్రిబ్ (పడమటి అరబ్ దేశాలు), మష్రిక్ (తూర్పు అరబ్ దేశాలు) అని మూడు పద్ధతులు విడదీసి చూపింది. నేను దాన్ని ఆరో వారంలో చదివాను. మొదటి రోజే చదవాల్సింది.

మొదటి ప్రయత్నం: పేజీ శైలిలో ఒక్క వరుస రాసి లెక్క మొత్తాన్ని అద్దంలోలా తిప్పేశాను. వర్గమూలం చక్కగా తిరిగింది. దాంతోపాటు లోపలి అంకెలూ, అక్షరాలూ తిరిగిపోయాయి. గంటలో తీసేశాను.

రెండో ప్రయత్నం: మాథ్‌ఎంఎల్, అంటే వెబ్ పేజీలో లెక్కలు రాయడానికి ఉన్న భాష. అందులో లెక్కకే కుడి నుంచి ఎడమ అని దిశ ఇవ్వొచ్చు. ఫైర్‌ఫాక్స్‌లో బాగా వచ్చింది. వర్గమూలం సరిగా తిరగాలంటే ఫాంటులో ఆ ఆకారం ఉండాలి, ఎక్స్‌ఐటీఎస్ మాథ్ ఫాంటులో ఉంది. నా కంప్యూటర్ క్రోమ్‌లోనూ వచ్చింది. పిల్లల ఫోన్లలో మాత్రం లెక్కలు విడిపోయి, భిన్నం పైదీ కిందదీ పక్కపక్కన పడ్డాయి. క్రోమ్‌కు మాథ్‌ఎంఎల్ వచ్చింది 2023 జనవరిలో, 109వ వెర్షన్‌తో. ఆ వారం పేజీ తెరిచిన 63 ఫోన్లలో 19 అంతకంటే పాతవి.

మూడో ప్రయత్నం, ఇప్పుడు నడుస్తున్నది:

1. ప్రతి సమస్యకూ మూలం ఒక్కటే. అందులో అక్షరాలు ఉండవు, 'మొదటి చరరాశి', 'రెండో చరరాశి' అని ఖాళీలుంటాయి.
2. చిన్న ప్రోగ్రాము ఆ మూలం నుంచి రెండు రాతలు తీస్తుంది, ఒకటి లాటిన్, ఒకటి అరబ్బీ.
3. రెండిటినీ నా దగ్గరే ఫైర్‌ఫాక్స్‌లో గీయించి బొమ్మలుగా మార్చి పేజీలో పెడతాను. పాత ఫోనులోనూ ఒకేలా కనిపిస్తుంది.
4. ఆబ్లా అరబ్బీ రాతను, ఒక మొరాకో వాలంటీరు లాటిన్ రాతను చదివాకే బయటికి పోతుంది.

రెండుచోట్ల మళ్లీ తప్పాను. ఒకటి, అన్నీ కుడి నుంచే కదా అని సంఖ్యారేఖను కూడా తిప్పేశాను. ఈజిప్టు పుస్తకంలోనూ ధన సంఖ్యలు కుడివైపే పెరుగుతాయి, రేఖ తిరగదు. కాగితం బయటికి పోకముందే ఆబ్లా పట్టుకున్నారు. రెండోది బయటికి పోయాకే తెలిసింది. క్రమయుగ్మాన్ని అరబ్బీ రాతలో కుడి నుంచి చదువుతారు, అంటే ముందు వచ్చే సంఖ్య కుడిపక్కన ఉంటుంది. నేను అంకెలు మార్చి వరుస మార్చలేదు. (2, 3) అన్న బిందువు (3, 2) అయిపోయింది. 14 మంది ఆ తప్పు బిందువుకే జవాబు కట్టి పంపారు. 14 మందికీ పూర్తి మార్కులు ఇచ్చాం.

ఎవరికి ఏ రాత అన్నది మొదట దేశాన్ని బట్టి పెట్టాను. అదీ తప్పే. ఒక దేశంలోనే బడిని బట్టి మారుతుంది. ఈజిప్టులో ఇంగ్లీషులో లెక్కలు చెప్పే బళ్లూ ఉన్నాయి. ఇప్పుడు నమోదు పేజీలో ఒకే లెక్కను రెండు రాతల్లో చూపి, 'నీ నోటు పుస్తకంలా ఉన్నది ఏది?' అని అడుగుతాం. దేశం పేరు అడగం. జోర్డాన్ పిల్లలు 17 మందిలో 9 మంది ఒకటి, 8 మంది ఇంకొకటి ఎంచుకున్నారు.

కొలత: అరబ్బీ రాత ఎంచుకున్న పిల్లలు కాగితం తెరిచాక మొదటి జవాబు పంపేదాకా పట్టే సమయం మధ్యస్థంగా 31 నిమిషాల నుంచి 22కు వచ్చింది. సమస్యలు వేరు కాబట్టి దీన్ని నిరూపణ అనను. పిల్లల మెసేజ్‌లలో 'ఈ గుర్తేమిటి' అనే ప్రశ్నలు వారానికి ఇరవై దాకా ఉండేవి, మూడుకు తగ్గాయి. నేను నమ్మేది ఆ లెక్కను.

ఇప్పటిదాకా: 54 గంటలు, 230 రియాళ్లు. పంపినవాళ్లు 61.

4వ దశ: మాటలు (11 నుంచి 13 వారాలు)

క్లాసులో ఆబ్లా ప్రమేయం అనడానికి 'దాల్ల' అంటే జోర్డాన్ పిల్లలు దిక్కులు చూశారు. వాళ్ల బడిలో అది 'ఇక్తిరాన్'. మొరాకో పిల్లల్లో చాలామందికి రెండూ తెలియవు. అక్కడ 2019 చట్టం తర్వాత హైస్కూల్లో సైన్సు, లెక్కలు ఫ్రెంచిలోకి వెళ్లాయి. ఇంట్లో అరబ్బీ, లెక్కల్లో ఫ్రెంచి.

86 మాటలతో పట్టిక వేశాం: ఈజిప్టు మాట, జోర్డాన్ మాట, ఫ్రెంచి మాట. కాగితంలో మొదటిసారి వచ్చిన చోట మూడూ పక్కపక్కనే ఇస్తాం. మాట్లాడేటప్పుడు ఎవరి యాసలో వాళ్లు మాట్లాడొచ్చు, రాత మాత్రం ప్రామాణిక అరబ్బీలో. ఈజిప్టు యాస అందరికీ అర్థమవుతుంది. మొరాకో యాస మిగతావాళ్లకు అందదు. అందుకని మొరాకో పిల్లలు ప్రశ్న అడిగితే వాలంటీరు ఒకరు మళ్లీ చెబుతారు.

ఒక్క మాట మాత్రం ఎవరికీ విడమర్చి చెప్పాల్సిన పని పడలేదు. గూళ్లకంటే పావురాలు ఎక్కువైతే ఏదో ఒక గూటిలో కనీసం రెండు ఉంటాయనే మన పావురాల గూళ్ల సూత్రాన్ని అరబ్బీలో 'బుర్జ్ అల్ హమామ్' అంటారు, పావురాల బురుజు. డెల్టా పల్లెల్లో ఇళ్లపక్కనే మట్టితో కట్టిన ఆ బురుజులుంటాయి. ఆ రోజు కాగితంలో మొదటి సమస్యను నేను బూట్లు, సాక్సులతో రాశాను. ఆబ్లా కొట్టేసి బురుజు గీశారు: 50 గూళ్లు, 51 పావురాలు.

ఇప్పటిదాకా: 66 గంటలు, 320 రియాళ్లు (వాలంటీర్ల డేటా ప్యాకులు). పంపినవాళ్లు 66.

5వ దశ: గడియారం (రంజాన్ నెల)

దోహాలో రాత్రి 8 అంటే చలికాలంలో కైరోలో 7, మొరాకో, అల్జీరియాల్లో 6. ఈ పట్టికను గ్రూపులో పిన్ చేసి మరిచిపోయాం. మొరాకో ఏడాదంతా ఒక గంట ముందుకు ఉండి, రంజాన్‌లో మాత్రం గడియారం వెనక్కి తిప్పుతుంది. మొదటి శుక్రవారం 9 మంది మొరాకో పిల్లలు పట్టికలో ఉన్నట్టే ఆరింటికి వచ్చారు. అప్పటికి దోహాలో తొమ్మిది. క్లాసులో గంట గడిచిపోయింది. వాళ్లలో కొందరు ఇఫ్తార్ ముంగిట పెట్టుకుని వచ్చారు.

తర్వాత వారం దోహా రాత్రి 10కి మార్చాం: కైరో 9, మొరాకో 7. అల్జీరియాలో 8, వాళ్లకు తరావీహ్ (రంజాన్ రాత్రుల్లో చేసే) నమాజు వేళ. వాళ్ల 9 మందికి కుదరలేదు. వాళ్ల కోసం రికార్డింగ్ పెట్టి, శనివారం అరగంట విడిగా కూర్చున్నాను. నలుగురు వచ్చారు.

ఇప్పుడు పేజీలో టైము రాయం. తెరిచిన ఫోను తన ఊరి గంట తనే చూపిస్తుంది. ఈజిప్టు ఏప్రిల్ చివరి శుక్రవారం గడియారం ముందుకు జరిపింది, అది మా క్లాసు రోజే. ఒక్కరూ ఆలస్యంగా రాలేదు.

ఇప్పటిదాకా: 72 గంటలు, 320 రియాళ్లు. పంపినవాళ్లు రంజాన్‌లో 44కు పడి, పండగ తర్వాత 57.

ఈ వారం

మిగిలిన పనులు: దశాంశాల సంగతి తేల్చాలి. పరీక్షల కాలం వస్తోంది, పై తరగతి పిల్లలు జూన్ దాకా రాలేరు, వాళ్లకు తేలిక కాగితాలు వేరుగా చేయాలి. ఫోటోలు దిద్దడానికి ఈజిప్టు అంకెలు చదవగల మనిషి ఇంకొకరు కావాలి.

నిన్న డెల్టా అమ్మాయి దగ్గర్నుంచి నాలుగు ఫోటోలు వచ్చాయి. మేమడిగిన లెక్క కాదు. మొదటి కాగితంలోని సాబిత్ సూత్రాన్ని పట్టుకుని ముందుకు పోయింది. 8, 16ల చోట 16, 32, ఆపై 32, 64 పెడితే వచ్చే తర్వాతి రెండు మెట్లూ 95 దగ్గర ఆగిపోతాయి, అది 5×19 కాబట్టి. ఆ పై మెట్టులో 191, 383, 73727 వస్తాయి. మూడోది ప్రధాన సంఖ్య అవునో కాదో తేలాలంటే 271 వరకు ఉన్న ప్రతి ప్రధాన సంఖ్యతోనూ భాగించి చూడాలి. 3 నుంచి మొదలుపెట్టి 57 భాగహారాలు, నీలం బాల్‌పెన్నుతో, ఎక్కడా కొట్టివేత లేదు. చివర డబ్బాలో 9363584, 9437056.

ఐదో వరుస దగ్గర ఆగాను. 12తో ఎందుకు భాగించింది, అది ప్రధాన సంఖ్య కాదు కదా అనుకున్నాను. ఆబ్లా రాసిచ్చిన అంకెల బొమ్మ తెరిచి పక్కన పెట్టుకున్నాను. అది చేతిరాత మూడు. 13తో భాగించింది: 5671 సార్లు, శేషం 4.

57 భాగహారాలూ చూశాను, అన్నీ సరిగానే ఉన్నాయి. ఫోటోలు ఆబ్లాకు పంపాను. అమ్మాయితో ఆవిడే మాట్లాడతానన్నారు.